బుల్లెమ్మలంకలో పద్నాలుగో రోజు సమీక్ష

సర్క్యులర్ సోమవారం ఉదయం పది గంటల ఎనిమిది నిమిషాలకు వచ్చింది. పది గంటల తొమ్మిది నిమిషాలకు మంగతాయారు చేతిలోంచి మౌస్ లాక్కున్నారు. పది గంటల పది నిమిషాలకు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఏమిటి సార్ ఇది?" అంది మంగతాయారు, గాల్లోనే ఉండిపోయిన కుడిచెయ్యి దించకుండా.

"మౌసు," అన్నాడు సూపరింటెండెంట్ ఘంటయ్య, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుంటూ. "ఇవాళ్టి నుంచి మూడో మెట్టు దాటినవాళ్ళే దీన్ని ముట్టుకోవాలి. నీది ఏ మెట్టు?"

"నాకు మెట్లేమిటండీ? పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను."

"అక్కడే వచ్చింది చిక్కు. మెట్లెక్కకుండా మేడ మీదికొచ్చేశావు. ముందు దిగు."

జిల్లా దృశ్య ప్రచార కార్యాలయంలో ఇరవై ఆరుగురు ఉద్యోగులున్నారు. వీడియో కట్ చేయడం వచ్చింది వాళ్ళలో ఒక్క మంగతాయారుకే. ఈ ఆఫీసులో చేరకముందు పదకొండేళ్ళు పెళ్ళి వీడియోలు చేసింది. అలిగిన ఆడపడుచుని, తాళి కట్టే వేళకు ఫోనులో పడిపోయిన మేనమామని, మంత్రం మధ్యలో ఆవులించిన పురోహితుణ్ణి ఎవరికీ నొప్పి కలగకుండా మాయం చేసేది. ఆరు గంటల పెళ్ళిని నలభై నిమిషాలకు తెచ్చినా, రెండు వైపుల వియ్యంకులూ "మావాళ్ళే ఎక్కువ కనిపించారు" అని మురిసిపోయేవారు. ఆ విద్య ఎంత పెద్దదో పెళ్ళి చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ సోమవారం ఆమె చేస్తున్నది మాత్రం పెళ్ళి కాదు. బుల్లెమ్మలంక మీద మూడు నిమిషాల వీడియో. గోదావరి సముద్రంలో కలవబోయే చోట, పాయల మధ్య ఉన్న ఊరది. అవతలి ఒడ్డుకు రావాలంటే ఒకటే నాటు పడవ. నీళ్ళుంటే నడుస్తుంది, సముద్రం ఆటుకి నీరు తీసేస్తే ఇసకలో కూర్చుంటుంది. జిల్లా మొత్తానికి ఒకే ఒక మర పడవ రేవులో కట్టేసి ఖాళీగా ఉంది. దానికోసం మూడు లంకలు పోటీ పడుతున్నాయి. ఇరవై నాలుగో తారీకున మంత్రిగారు వస్తారు, మూడు వీడియోలూ చూస్తారు, ఎవరి కష్టం కళ్ళకు కడితే వాళ్ళకు ఆ పడవ ఇస్తారు.

మంగతాయారు పుట్టిన ఊరు బుల్లెమ్మలంక. ఆమె చెల్లెలు రత్నం కాపురం చేస్తున్నదీ ఆ ఊళ్ళోనే. రత్నానికి ఎనిమిదో నెల నిండింది. డాక్టరమ్మ ఈ నెలాఖరు అని చెప్పింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది.

ఇదీ సంగతి. ఇక ఆ సర్క్యులర్ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చెప్పాలి.

రాజధానిలో ఆ శాఖ డైరెక్టరు వెలిదండ పరబ్రహ్మం గారు ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, నడుం వాల్చి, ఫోను తిప్పుతున్నారు. ఎవరో కాలేజీ కుర్రాడు వీడియో ఎడిటింగు తాను ఎలా నేర్చుకున్నాడో చెప్తున్నాడు. ఇవాళ నేర్చుకున్నది రేపు ఒకసారి తిరగేయాలట. తర్వాత మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు. అలా చేస్తే మరిచిపోమట. తప్పుల్ని ఒక పుస్తకంలో రాసుకోమన్నాడు. అంతే. పాపం, అతను చెప్పింది మంచి మాటే. ప్రభుత్వం వింటోందని అతనికి తెలియదు.

పరబ్రహ్మం గారు లేచి కూర్చున్నారు. సాయంత్రానికి సర్క్యులర్ తయారైంది. ఈ జిల్లాను ప్రయోగాత్మక జిల్లాగా ప్రకటించి, సోమవారం మధ్యాహ్నానికల్లా ఆయనే కారెక్కి వచ్చేశారు.

"సంకలనము ఒక కళ అను అపోహ చిరకాలంగా ప్రచారంలో ఉన్నది," అన్నారు ప్రారంభోపన్యాసంలో, మైకుని రెండు చేతులా పట్టుకుని. "సంకలనము కళ కాదు, విధానము. విధానమన్న పిమ్మట దానికి మెట్లుండవలెను. మెట్లకు సమీక్ష ఉండవలెను. సమీక్షకు రిజిస్టరు ఉండవలెను. రిజిస్టరు లేని జ్ఞానము జ్ఞానమే కాదు!"

ఇరవై ఆరుగురూ చప్పట్లు కొట్టారు. వాళ్ళలో జీపు డ్రైవర్ అబ్బులు కూడా ఉన్నాడు. ఎందుకంటే సర్క్యులర్ ప్రకారం ఆఫీసులో ఊపిరి పీల్చే ప్రతి ఒక్కరూ వీడియో ఎడిటింగు నేర్చుకోవాల్సిందే.

పాఠం చెప్పేవాడిగా ఘంటయ్యను నియమించారు. ఆయన జన్మలో వీడియో కట్ చేసి ఎరగడు. అదే ఆయన అర్హత. ముందే తెలిసినవాళ్ళకు కొన్ని పద్ధతుల మీద అభిమానం ఉంటుంది కనక, ఏ అభిమానమూ లేని మనిషి కావాలన్నారు డైరెక్టరు గారు. మౌస్ బీరువాలో ఉన్నందువల్ల ఘంటయ్య బోర్డు మీద సుద్దముక్కతో మౌస్ బొమ్మ వేశాడు. తోక కాస్త పొడుగొచ్చింది. అబ్బులు పుస్తకంలో దానికి మీసాలు కూడా పెట్టాడు.

మర్నాడు మొదటి రోజు సమీక్ష జరిగింది. ప్రశ్న ఒకటే: "కట్ అనగానేమి? పది పంక్తులలో వ్రాయుము."

మంగతాయారు ఒక పంక్తిలో రాసింది: "అక్కర్లేనిది తీసేసి, తీసేసినట్టు తెలియకుండా అతకడం."

పదికి అర మార్కు వచ్చింది. తొమ్మిది పంక్తులు తక్కువ పడ్డాయని ఘంటయ్య ఎర్రసిరాతో రాశాడు. అబ్బులు మాత్రం కత్తెర గురించి, దర్జీ గురించి, రోడ్డు మీద అడ్డంగా కట్ కొట్టే ఆటోవాళ్ళ గురించి పన్నెండు పంక్తులు రాశాడు. అతనికి తొమ్మిది మార్కులు, చివర్లో "భేష్".

"ఏమనుకోకు అక్కా," అన్నాడు అబ్బులు ఆమె పక్కన బెంచీ మీద జరిగి కూర్చుని. "నాకేం తెలవదు కాబట్టి తెగ రాసేశాను. నీకు తెలుసు కాబట్టి దెబ్బ తిన్నావు."

బుధవారం మంగతాయారు ఘంటయ్య బల్ల ముందు నిలబడింది.

"సార్, ఆ లంక వీడియో. ఒక్క పూట చాలు. మీరు పక్కనే కూర్చోండి."

"కత్తిరింపు అనుమతి పత్రం నింపావా?"

పత్రం నాలుగు పేజీలుంది. ఎక్కడ కత్తిరించాలి, ఎందుకు కత్తిరించాలి, కత్తిరించిన ముక్క భవిష్యత్తులో అవసరపడదని హామీ ఏమిటి, ఆ ముక్కను ఏ గదిలో భద్రపరుస్తారు, ఇద్దరు సాక్షులెవరు. ఒక్కో కట్‌కి ఒక్కో పత్రం. మూడు నిమిషాల వీడియోలో నలభై ఒక్క కట్లు. ఆమె నలభై ఒక్క పత్రాలూ నింపి తెచ్చింది.

ఘంటయ్య వాటిని తూకం వేస్తున్నట్టు చేత్తో ఎత్తి చూశాడు. "బాగుంది. ఇప్పుడు వీటి మీద మూడో మెట్టు దాటినవాళ్ళు సంతకం పెట్టాలి."

"ఎవరండీ వాళ్ళు?"

"ఇంకా ఎవరూ లేరు."

"ఎప్పుడొస్తారు?"

"ఇరవై ఒకటో రోజు సమీక్ష అయ్యాక. అంటే ఇరవై ఏడున."

"మంత్రిగారొచ్చేది ఇరవై నాలుగున కదా సార్."

"అవును. ఆయన తొందరపడ్డారు."

మంగతాయారు కాసేపు ఆయన మొహంలోకి చూసింది. వెటకారం ఎక్కడా కనిపించలేదు. మనిషి నిజంగానే మంత్రిగారి తొందరపాటుకి బాధపడుతున్నాడు.

ఆ సాయంత్రమే రాజధాని నుంచి ఫోనొచ్చింది. సమీక్షలు జరుగుతున్నట్టు రుజువేది? కెమెరామన్ మస్తాన్‌వలీని పిలిచి సమీక్షను వీడియో తీయమన్నారు. తీశాడు. నాలుగు గంటలొచ్చింది. ఆ వీడియోను అందరూ కూర్చుని చూసి సమీక్షించాలన్నారు. చూశారు. చూసినట్టు రుజువేది? చూస్తుండగా కూడా తీశాడు. అది మరో నాలుగు గంటలు.

శనివారానికి మస్తాన్‌వలీ కళ్ళు గుంటలు పడ్డాయి. "అక్కా," అన్నాడు, "మనల్ని మనం చూసుకుంటున్న వీడియోని చూస్తున్న మనల్ని ఇవాళ తీశాను. లంచి టైములో అన్నం తింటుంటే కూడా ఎవరో నన్ను తీస్తున్నట్టు అనిపించి ముద్ద ఆపేశాను."

"ఎవరూ తియ్యట్లేదు కదా?"

"వెనక్కి తిరిగి చూశాను. ఘంటయ్య గారు ఫోనుతో తీస్తున్నారు."

ఆఫీసులో ఇప్పుడు ఇంకే పనీ జరగడం లేదు. డైరెక్టరు గారు మహా సంతృప్తిగా ఉన్నారు. జిల్లా అతిథి గృహంలోనే మకాం వేసి, రోజుకు రెండు సర్క్యులర్లు వదులుతున్నారు. తొమ్మిదో సర్క్యులర్‌లో సమీక్షకుడికి నిర్వచనం ఇచ్చారు: "సమీక్షకుడు అనగా సమీక్షా ఫైలు చేతియందు గలవాడు." పదిహేడో సర్క్యులర్ కాస్త కటువుగా ఉంది. సమీక్షా వీడియోల నుంచి ఎవరో ఇబ్బందికరమైన భాగాలు తొలగిస్తారేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. "సమీక్షా వీడియోలో ఒక్క క్షణము కూడా కత్తిరించరాదు. ఎంతటివారి ముందైనను ఆద్యంతము ప్రదర్శించవలెను."

పద్దెనిమిదో సర్క్యులర్ మంగతాయారు గుండెలో రాయి పడేసింది. ఇరవై నాలుగున మంత్రిగారికి శాఖ తరఫున ఒకే వీడియో చూపిస్తారు. పద్నాలుగో రోజు సమీక్షా వీడియో. లంకల వీడియోలు మూడింటినీ, నిర్ణీత మెట్లు దాటనివారు తయారు చేసినందున, పక్కన పెట్టడమైనది.

ఆమె వరండాలోకి వచ్చి చెల్లెలికి ఫోను చేసింది.

"పడవ వస్తుందా అక్కా?" అంది రత్నం, పలకరింపు కూడా లేకుండా. "నిన్న సుబ్బులత్తని జొరంతో తీసుకెళ్తుంటే మధ్యలో ఇసకలో కూచుంది. మూడు గంటలు. నాకు అలాగయితే ఏం చెయ్యనే?"

"వస్తుంది," అంది మంగతాయారు.

"ఎలాగ?"

"ఎలాగో ఇంకా తెలీదు. వస్తుంది."

ఫోను పెట్టేసి, గోడకు అంటించిన పద్దెనిమిది సర్క్యులర్లనీ మొదటినుంచి చదివింది. పెళ్ళి వీడియోలో దొరకని ముక్క కోసం ఆరు గంటల ఫుటేజీ వెతికిన కళ్ళవి. నాలుగో సర్క్యులర్ మూడో పేరాలో దొరికింది. "పద్నాలుగవ రోజు సమీక్షను క్షేత్రస్థాయిలో జరుపవలెను."

ఘంటయ్య దానికి ఏర్పాటు కూడా చేసేశాడు. ఆఫీసు వెనక జీపు షెడ్డులో. నాలుగు గోడల బయట ఉంది కనక అది క్షేత్రస్థాయేనని ఆయన వాదన.

మంగతాయారు ఒక తెల్లకాగితం తీసుకుని నోట్ రాసింది. జీవితంలో మొదటిసారి వాళ్ళ భాషలో రాసింది: "క్షేత్రస్థాయి సమీక్ష యొక్క సమగ్రత, అట్టి సమీక్ష జరుగు క్షేత్రము యొక్క దుర్గమత్వమునకు అనులోమానుపాతంలో ఉండునని భావించబడుచున్నది. కావున బుల్లెమ్మలంక రేవు నుండి పడవలో సమీక్షను నిర్వహించిన యెడల, ఇట్టి సమీక్ష దేశంలోనే ప్రథమము కాగలదు."

పరబ్రహ్మం గారు ఆ నోట్ రెండుసార్లు చదివారు. "దేశంలోనే ప్రథమము" అన్న చోట ఆకుపచ్చ సిరాతో గీత గీశారు. "ఎవరు వ్రాసినది? మంగతాయారా? ఈమెలో మార్పు కనబడుచున్నది."

ఆమె వరండాలోకి వచ్చి ఇంకో ఫోను చేసింది. ఈసారి పడవవాడు నూకరాజుకి.

"బాబాయ్, ఇరవయ్యో తారీకు నీరు ఎప్పుడు తీస్తుంది?"

"పదకొండు దాటాక తీసేత్తాదే అమ్మా. ఆ టయానికి ఎవరూ పడవెక్కకూడదు. ఎక్కితే అంతే సంగతులు."

"పదకొండుంబావుకి ఆఫీసర్లొస్తున్నారు. ఎక్కించు."

అటువైపు నూకరాజు నవ్వు మొదలైంది. ఫోను పెట్టేసేదాకా ఆగలేదు.

ఇరవయ్యో తారీకు. పడవ మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద రిజిస్టరు, వెదురుగడలకు కట్టిన బేనరు. డైరెక్టరు గారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఘంటయ్య, అబ్బులు, మంగతాయారు పక్కన. మస్తాన్‌వలీ కెమెరా పట్టుకుని పడవ మూల నిలబడ్డాడు. నూకరాజు గడ వేశాడు.

"ప్రశ్న ఒకటి," అన్నాడు ఘంటయ్య. "కట్‌కి ముందు ఏముంటుంది?"

"ఏదో ఉంటదండి," అన్నాడు అబ్బులు.

"తర్వాత?"

"ఇంకేదో ఉంటదండి."

"సరైన జవాబు," అన్నారు డైరెక్టరు గారు. సరిగ్గా అప్పుడే పడవ కింద గరగరమంది. రిజిస్టరు బల్ల మీంచి జారింది. అందరూ ఒక్కసారి ముందుకు ఊగి, వెనక్కి ఊగి, ఆగిపోయారు.

"ఏమైనది?"

"నీరు తీసేసిందండి," అన్నాడు నూకరాజు, గడ పడవలో అడ్డంగా పెట్టి దానిమీద కూర్చుంటూ. "ఇసక మేటండి బాబు. మళ్ళీ నీరొచ్చేదాకా ఇంతేనండి."

"ఎంతసేపు?"

"మూడు గంటలేసుకోండి."

డైరెక్టరు గారు ఎండ వైపు చూశారు. ఎండ కూడా ఆయన వైపే చూస్తోంది. "ఇటువంటి పరిస్థితిలో ఇచటి ప్రజలు ఏమి చేయుదురు?"

"కూచుంటారండి."

"జబ్బు చేసినవారు?"

"ఆళ్ళు పడుకుంటారండి."

"పాఠశాలకు పోవు బాలలు?"

"ఆళ్ళు ఆనందంగా ఉంటారండి."

అరగంటకి రెండు ఒడ్లా జనం పోగయ్యారు. ఉన్న ఒక్క పడవా నది మధ్యలో కూర్చుంది మరి. ఇటు బడి పిల్లలు, పాలబిందెలు, మేకను పట్టుకున్న ఒక ముసలాయన. అటు బాతుల గంపతో ఒక ముసలమ్మ. ఆవిడ గొంతు నదికి అడ్డంగా వచ్చింది.

"ఒరే నూకరాజూ! ఆ కుర్చీలో ఉన్న పెద్ద బాబుని దింపరా! తేలికై తేల్తాది!"

"ఆయన డైరెట్రుగారే పిన్నీ!"

"అయితే మరీ బరువురా! ముందు ఆయన్నే దింపు!"

గంటన్నరకి మంచినీళ్ళు అయిపోయాయి. రెండు గంటలకి ఘంటయ్య ప్రశ్నలు అయిపోయాయి, మొదటి ప్రశ్న మళ్ళీ అడిగాడు. అబ్బులు ఈసారి "తెలవదండి" అన్నాడు. రెండుంబావుకి పరబ్రహ్మం గారు లేచి నిలబడి, నడిచి పోదామని ప్రకటించి, పడవ దిగారు. మోకాలి దాకా దిగారు. అక్కణ్ణుంచి పైకి రాలేదు. కుడికాలు లాగితే ఎడమకాలు దిగింది. ఎడమకాలు లాగితే చెప్పు లోపలే ఉండిపోయింది. "సహకరించుడు!" అని కేకవేసి ఘంటయ్య చెయ్యి పట్టుకున్నారు. ఘంటయ్య సహకరించి తనూ పడ్డాడు. ఇద్దరూ బురదలో బొర్లాడుతుంటే రెండు ఒడ్లా పిల్లలు ఈలలేశారు.

చివరికి నూకరాజు దిగి డైరెక్టరు గారిని బస్తాలా వీపు మీద వేసుకుని ఒడ్డు దాకా మోశాడు. ఆయన వీపు మీంచే తల తిప్పి చూశారు. కెమెరా ఇంకా తిరుగుతోంది.

"మస్తాన్‌వలీ! ఆపుము!"

"ఆపితే కత్తిరించినట్టే కదండీ సార్. పదిహేడో నంబరు."

"అయినచో ఈ భాగమును తర్వాత తొలగించుడు!"

"ఎవరు తొలగిస్తారండీ?" అంది మంగతాయారు, పడవలోంచి ఎంతో వినయంగా. "మూడో మెట్టు దాటినవాళ్ళు ఇంకా లేరు."

ఇరవై నాలుగున కలెక్టరాఫీసు హాల్లో తెర కట్టారు. మంగతాయారు ఆఖరి వరసలో గోడకు ఆనుకుని నిలబడింది. వీడియో మూడు గంటల పది నిమిషాలు. పది నిమిషాలు చూసి మంత్రిగారు, "కాస్త ముందుకి జరపండయ్యా," అన్నారు.

పరబ్రహ్మం గారు లేచి చేతులు కట్టుకున్నారు. ఆ ఒక్క మాటకోసం ఆయన నాలుగు రోజులుగా నిద్రలో కూడా ఎదురుచూశారు. కానీ మంత్రిగారి ఎదురుగా ఫైలులో పైన పదిహేడో సర్క్యులర్ ఉంది, కింద తన సంతకమే ఉంది. "ఆద్యంతము చూడవలసినదిగా నిబంధన ఉన్నది సార్," అన్నారు నీరసంగా.

మంత్రిగారు నిట్టూర్చి కుర్చీలో జారగిలబడ్డారు. పడవ ఆగింది. ఆయన కళ్ళు మూతలు పడబోయాయి. ముసలమ్మ కేక వినబడగానే తెరుచుకున్నాయి. డైరెక్టరు గారు బురదలో దిగే వేళకు కుర్చీ అంచుకు వచ్చేశారు. చెప్పు పోయినప్పుడు "అయ్యయ్యో!" అన్నారు. వీపు మీద మోస్తున్నప్పుడు లేచి నిలబడ్డారు.

"ఎవరయ్యా ఆయన?"

"నేనేనండి," అన్నారు పరబ్రహ్మం గారు.

"మీరా! ఆ లంకలో ఇలా రోజూ జరుగుతుందా?"

"రోజుకు రెండుసార్లండి," అంది మంగతాయారు గోడ దగ్గర్నుంచి. హాలంతా వెనక్కి తిరిగింది. ఆమె ఆపలేదు. "ఊరివాళ్ళకి నలభై ఏళ్ళ నుంచి జరుగుతోందండి."

మంత్రిగారికి ఆ చివరి మాట వినబడినట్టు లేదు. ఆయన పరబ్రహ్మం గారి భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు. "ఒక అధికారికి ఇంత కష్టమా? నా హయాంలో? రేవులో ఉన్న ఆ మర పడవ వెంటనే బుల్లెమ్మలంకకి పంపించండి. ఇవాళే కాగితం పెట్టండి!"

కాగితం ఆ సాయంత్రమే వచ్చింది. "సమీక్షా బృందముల రాకపోకల నిమిత్తము బుల్లెమ్మలంకకు మర పడవ మంజూరు చేయడమైనది. సమీక్షలు లేని వేళలలో ప్రజలు కూడా వినియోగించుకొనవచ్చును."

ఇరవై ఏడున ఇరవై ఒకటో రోజు సమీక్ష జరిగింది. మూడో మెట్టు దాటినవాడు ఒక్కడే, డ్రైవర్ అబ్బులు. బీరువా తాళంచెవి లాంఛనంగా అతని చేతికిచ్చారు. అతను బీరువా తెరిచి, మౌస్ తీసి, తిన్నగా తెచ్చి మంగతాయారు బల్ల మీద పెట్టాడు. "జీపు నేను తోల్తాను. ఇది నువ్వు తోలుకో. సంతకాలు ఎన్ని కావాలంటే అన్ని పెడతాను."

ఇరవై ఎనిమిదిన మర పడవ లంక రేవులో దిగింది. దాన్ని నడిపే సరంగుగా నూకరాజునే వేశారు. సాయంత్రానికి అతని ఫోను.

"అమ్మా, సమీచ్చ లేని వేళ అంటే ఎప్పుడే? మీ ఆఫీసుకి ఫోను చేస్తే అటువంటి వేళ లేదంటన్నారు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా సమీచ్చేనంట. పడవ ఖాళీగా ఉంది, జనం ఒడ్డున ఉన్నారు. ఏం సెయ్యమంటావు?"

మంగతాయారు గోడ వైపు చూసింది. తొమ్మిదో సర్క్యులర్. సమీక్షకుడు అనగా సమీక్షా ఫైలు చేతియందు గలవాడు.

మర్నాడు పొద్దున్నే అబ్బులు జీపులో రెండు కట్టల అట్ట ఫైళ్ళు లంక రేవుకి చేరాయి. ఆఫీసులో మిగిలిపోయిన కత్తిరింపు అనుమతి పత్రాలను వాటిలో ఒక్కోటి చొప్పున పెట్టారు. బాతుల గంప ముసలమ్మ చంకలో ఫైలు పెట్టుకుని ఎక్కింది. పాలబిందెల మీద ఫైళ్ళు మూతలయ్యాయి. మేక ముసలాయన ఫైలుని చేత్తో పట్టుకుంటే మేక దాని అంచు కొరికింది. ఆ రోజు తనిఖీకి వచ్చిన ఘంటయ్య పడవలో నలభై మంది మధ్య కూర్చుని అదిరిపోయాడు.

"ఇంతమంది సమీక్షకులా?"

"లంకలో సమీచ్చ బాగా పట్టుకుందండి," అన్నాడు నూకరాజు.

"స్పందన అపూర్వం," అని ఘంటయ్య రాజధానికి నివేదిక పంపాడు.

ముప్పయ్యో తారీకు ఉదయం పదకొండున్నరకి రత్నానికి నొప్పులు మొదలయ్యాయి. నీరు తీసేసిన వేళ. నాటు పడవ ఇసకలో కూర్చునే ఉంది. రత్నం ఒక చేత్తో అత్తగారి భుజాన్ని, ఇంకో చేత్తో ఫైలుని పట్టుకుని మర పడవ ఎక్కింది. అత్తగారి చేతిలోనూ ఒక ఫైలు. నూకరాజు మర తిప్పాడు. లోతు పాయలోంచి చుట్టూ తిప్పుకుని పద్దెనిమిది నిమిషాల్లో అవతలి ఒడ్డుకు చేర్చాడు. ఒడ్డున మంగతాయారు, జీపు ఇంజను ఆపకుండా అబ్బులు.

"ఫైలు వదలవే," అంది మంగతాయారు, చెల్లెల్ని జీపెక్కిస్తూ.

"వదిలితే దింపేస్తారేమోనని భయమేసిందే అక్కా!" అంది రత్నం, నొప్పుల మధ్యలో నవ్వుతూ.

నాలుగో రోజున అదే పడవలో తిరిగి వెళ్ళారు. నూకరాజు నిజాయితీపరుడు. పడవ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశాడు: "వెళ్ళిన సమీక్షకులు ఇద్దరు. తిరిగొచ్చిన సమీక్షకులు ముగ్గురు."

రాజధాని నుంచి వారం తిరక్కుండా లేఖ వచ్చింది. మూడవ సమీక్షకుడు ఎవరు, ఎవరి ఉత్తర్వులపై చేరినారు, ఏ మెట్టు, పనితీరు ఎట్లున్నది, తక్షణమే తెలుపవలెను.

జవాబు మంగతాయారు రాసింది. కింద మూడో మెట్టు దాటిన అధికారిగా అబ్బులు సంతకం పెట్టాడు.

"మూడవ సమీక్షకుడు గత నెల ముప్పయ్యవ తేదీ మధ్యాహ్నం చేరినారు. ప్రస్తుతము శిక్షణలో ఉన్నారు. పేరు ఇంకా ఖరారు కాలేదు. బరువు మూడు కిలోల నూటయాభై గ్రాములు. రెండు గంటలకొకసారి, రాత్రనక పగలనక, ఇంటిల్లిపాదినీ లేపి సమీక్ష జరుపుచున్నారు. ఎవరి మాటా వినుట లేదు."

లేఖ తిరిగి వచ్చింది. అంచున ఆకుపచ్చ సిరాతో పరబ్రహ్మం గారి చేతిరాత ఉంది.

"మిక్కిలి సంతృప్తికరం. మిగిలిన సమీక్షకులందరూ వీరిని ఆదర్శంగా తీసుకొనవలెను."